పబ్లిషింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

సొంతంగా పుస్తకం వేసుకోవాలని ఏదైనా సంస్థ దగ్గర ప్యాకేజీ తీసుకోబోతున్నారా? కాస్త ఆగండి. నా కథల సంపుటిని అలాగే వేయించి చాలా నష్టపోయాను. ఆ సంస్థ పేరు రాయడం లేదు. అదే తీరులో నడిచేవి ఇంకా ఉన్నాయి కాబట్టి, వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు.

ఎడిటింగ్, కవర్, డీటీపీ (పేజీలు కూర్చడం), ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు), ఆన్‌లైన్ అమ్మకాలు, ప్రచారం అన్నీ చూసుకుంటామన్నారు. మొత్తం డబ్బు ముందే తీసుకున్నారు. తీరా అచ్చుకి ముందు సరిచూసుకోమని పంపిన ప్రూఫ్ పీడీఎఫ్ తెరిస్తే ఒత్తులు అక్షరాల కింద నుంచి పక్కకి జారిపోయి ఉన్నాయి. ‘స్త్రీ’ అన్న చోటల్లా మాట ముక్కలైపోయింది. నేను యూనికోడ్‌లో శుభ్రంగా టైపు చేసి ఇచ్చిన ఫైలుని వాళ్లు యూనికోడ్ కాని పాత ఫాంటులోకి మార్చడంతో వచ్చిన తంటా ఇది. దిద్దమంటే, ఒక్కసారి కరెక్షన్లే ఉచితం, ఆపైన విడిగా కట్టాలన్నారు. వాళ్ల తప్పుకి నేను డబ్బు కట్టడమేంటి?

అసలు దెబ్బ పుస్తకం వచ్చాక తగిలింది. ఐఎస్‌బీఎన్ వాళ్ల పేరు మీద ఉంది, అంటే రికార్డుల్లో ప్రచురణకర్త వాళ్లే. ఆన్‌లైన్ అమ్మకాల ఖాతా కూడా వాళ్లదే, కాబట్టి ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయో వాళ్లు చెప్పిందే లెక్క. స్నేహితులు కొన్న కాపీలు కూడా ఆ లెక్కలో కనపడలేదు. పోనీ ఇన్‌డిజైన్ ఫైలు (పేజీలు కూర్చిన అసలు ఫైలు), కవర్ ఫైలు ఇవ్వండి, నేనే చూసుకుంటానంటే, అవి సంస్థ ఆస్తి అన్నారు. నా డబ్బుతో చేయించిన పని నా చేతికి రాలేదు.

‘వంద శాతం రాయల్టీ’ అన్న మాటని కూడా నమ్మకండి. దేని మీద వంద శాతం అని అడగండి. ముద్రణ ఖర్చు, దుకాణం కమీషన్, వాళ్ల ‘నిర్వహణ ఖర్చు’ పోగా మిగిలిన దాని మీద అయితే, చేతికొచ్చేది నామమాత్రం. ‘ప్రపంచవ్యాప్తంగా వేల దుకాణాల్లో’ అన్నది కూడా అంతే. కేటలాగులో పుస్తకం పేరు చేరుతుంది, ఎవరైనా ఆర్డర్ పెడితే తెప్పిస్తారు. అంతమాత్రాన దుకాణం అరల్లో ఉంటుందని అర్థం చేసుకోవద్దు.

ఇంతకీ వీళ్లు డబ్బు తీసుకుని చేసేదాంట్లో కొంత మనమే చేసుకోవచ్చు. రచయితలే పుస్తకం పెట్టుకునే అమెజాన్ వేదిక కేడీపీలో పుస్తకం అప్‌లోడ్ చేయడానికి ఫీజు లేదు. అచ్చు పుస్తకమైతే కాపీ అమ్ముడైనప్పుడే ముద్రణ ఖర్చు మినహాయించుకుంటారు. ఈబుక్‌కి ధరని, షరతులని బట్టి 35 లేదా 70 శాతం రాయల్టీ. కాకపోతే వాళ్లిచ్చే ఉచిత ఐఎస్‌బీఎన్ ఇంకోచోట పనికిరాదు. ఈబుక్‌ని అమెజాన్‌కే పరిమితం చేసే కేడీపీ సెలెక్ట్ పథకంలో చేరితే 90 రోజులపాటు దాన్ని ఇంకెక్కడా పెట్టకూడదు, గడువు దానంతటదే పొడిగింపవుతుంది కూడా. పుస్తక దుకాణాలకీ లైబ్రరీలకీ చేరాలనుకునేవాళ్లు ఇన్‌గ్రామ్‌స్పార్క్ అనే ముద్రణ, పంపిణీ సేవ వైపు వెళ్తుంటారు. ఏ దారిలో వెళ్లినా ముందు అది మీ భాషనీ లిపినీ తీసుకుంటుందో లేదో చూసుకోండి. చేతికి కాపీలు కావాలంటే డీటీపీ ఒకరి దగ్గర, ప్రింటింగ్ ఇంకొకరి దగ్గర చేయించుకోవడం పాత పద్ధతే. శ్రమ ఎక్కువే, కానీ ఎక్కడ ఎంత ఖర్చవుతుందో మీ కళ్లముందే ఉంటుంది. నా ఓటు దానికే.

ఐఎస్‌బీఎన్ కూడా మీ పేరు మీదే తీసుకోండి. ఇండియా, కెనడా లాంటి దేశాల్లో ఉచితంగానే ఇస్తారు, అమెరికాలో కొనుక్కోవాలి. మన దగ్గర ఉచితంగా వచ్చేదాన్ని ప్యాకేజీలో పెద్ద సేవలా చూపిస్తే అక్కడే అనుమానించండి.

అన్నీ చేసుకునే ఓపిక లేక ప్యాకేజీయే తీసుకుంటే, సంతకానికి ముందు ఈ మాటలు అగ్రిమెంట్‌లో రాయించుకోండి: కాపీరైట్, అనువాద హక్కులు, ఆడియో హక్కులు రచయితవే. పని పూర్తవగానే మార్చడానికి వీలున్న ఫైళ్లు, వాడిన ఫాంట్ల వివరాలు ఇవ్వాలి. అమ్మకాల నివేదిక ఫలానా తేదీకి రావాలి. ఎప్పుడైనా నోటీసిచ్చి రద్దు చేసుకోవచ్చు. ఫోన్‌లో ‘అలాగేనండీ’ అని, కాగితం మీద పెట్టమంటే నసిగేవాళ్లకి డబ్బు కట్టకండి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు రద్దు క్లాజు ఏముందో ఇవాళే చూడండి. కొన్ని ఒప్పందాలు గడువులోగా నోటీసు ఇవ్వకపోతే వాటంతటవే కొనసాగుతాయి. నోటీసు ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్‌లో పంపి, జవాబు దాచుకోండి.