మూడు కొటేషన్ల సలహా: తొమ్మిదేళ్లు వాడి చూశాక

ఇంట్లో ఏ పని మొదలుపెట్టబోయినా అందరూ చెప్పే మాట ఒకటే. ముగ్గురిని పిలిచి రేటు అడుగు, మధ్యలో ఉన్నదే న్యాయమైన ధర. ఈ తొమ్మిదేళ్లలో రంగులు రెండుసార్లు, బాత్రూమ్ టైల్స్, కొంత వైరింగ్, ఒక అల్మరా, లెక్కలేనన్ని కుళాయిలు ఈ సలహా పట్టుకునే చేయించాను. అయిదుకి మూడున్నర మార్కులు వేస్తాను. పోయిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్తాను.

మొదటిసారి రంగులప్పుడు ముగ్గురు పెయింటర్లు మూడు అంకెలు చెప్పారు. పెద్దది చిన్నదానికి దాదాపు రెట్టింపు. నేను మహా తెలివిగా మధ్యాయనకి ఇచ్చాను. ఏడాది తిరక్కుండానే కిటికీ కింద రంగు పొలుసులుగా లేచింది. అప్పుడు ఆ ముగ్గురి మాటలూ గుర్తు తెచ్చుకుంటే అర్థమైంది, వాళ్లు ఒకే పనికి రేటు చెప్పలేదని. తక్కువ చెప్పినాయనది పాత రంగు మీదే ఒక కోటు. మధ్యాయనది పగుళ్ల దగ్గర మాత్రం పుట్టీ, ఆపైన రెండు కోట్లు. ఎక్కువ చెప్పినాయన లేచిన రంగు గీకి, పుట్టీ పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, ఆ తర్వాత రెండు కోట్లు వేస్తానన్నాడు. గోడ మీద అరచెయ్యి రాసి, సుద్దలా తెల్లగా అంటుకున్న పొడిని నాకు చూపించి, దీని మీద రంగు నిలవదన్నది కూడా ఆయనొక్కడే. పని దక్కించుకోడానికి అలాగే అంటారులే అనుకున్నాను!

అప్పటినుంచి ఎవరినైనా పిలిచే ముందు ఒక కాగితం రాసుకుంటున్నాను. ఏ గదులు, ఎన్ని అడుగులు, ఎన్ని కోట్లు, సామాను ఎవరిది, చెత్త ఎవరు ఎత్తాలి. ముగ్గురికీ అదే కాగితం. దాంతో మూడు అంకెలూ దగ్గరికొచ్చాయి. అప్పుడు కూడా ఒకటి బాగా దూరంగా ఉంటే, దానికి కారణం అడగడానికి వీలవుతుంది.

కొలతలు నేనే తీసుకుంటాను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు, పైకప్పు మరో 120. ఒకాయన ఇలాంటి గదికి 700 వేశాడు. టేపు తీయగానే తగ్గించాడు, గొడవేమీ కాలేదు. అయితే తలుపులూ కిటికీలూ తీసేసి లెక్కకట్టమని నేను పట్టుబట్టను. అంచుల దగ్గర బ్రష్‌తో నెమ్మదిగా చేయాల్సిన పని ఉంటుంది, తీసేయని ఆ కాసిని అడుగులూ దానికి సరిపోతాయి. పెద్ద గాజు తలుపులుంటే మాత్రం తీసేయమంటాను.

ధర న్యాయమా కాదా అన్నది నాకు నిజంగా తెలిసొచ్చింది ఇంకో ప్రశ్నతో. "ఎంతమంది వస్తారు? ఎన్ని రోజులు పడుతుంది?" ఇద్దరు మనుషులు అయిదు రోజులంటే పది కూలీలు. ఆ చుట్టుపక్కల అలాంటి పనిమంతుడికి రోజుకెంత ఇస్తున్నారో కనుక్కుని పదితో గుణిస్తే లేబర్‌కి కనీసం ఎంతవుతుందో తేలుతుంది. దానిమీద పనిముట్లు, రానూపోనూ, పనిలేని రోజులు, మళ్లీ వచ్చి సరిచేసే బాధ్యత, వాళ్ల లాభం. కాబట్టి పది కూలీలకి పదమూడో పద్నాలుగో అడిగితే నేను బేరమాడను. ఏడే అడిగితే భయమేస్తుంది. ఆ మిగతా మూడూ ఎక్కడో ఒకచోట రావాలి కదా. కోటు తగ్గించైనా, సగంలో ఆపి ఇంకొంచెం అడిగైనా. అల్మరా చేయించినప్పుడు నేను గట్టిగా బేరమాడితే కార్పెంటర్ అంతే తేలిగ్గా ఒప్పుకున్నాడు. ఎంత సంబరపడ్డానో! ఆరునెలల్లో కబ్జాలు (తలుపుల మడతబందులు) వదులై తలుపులు వాలిపోయాక తెలిసింది, మాట్లాడుకున్న కబ్జాలు అవి కావని. కాగితంలో నేను కబ్జాల రకం రాయలేదు, అతనూ అడగలేదు.

టైల్స్ పనిలో అడుగు రేటు చాలా మోసం చేస్తుంది. హాలుకి చెప్పే రేటే బాత్రూమ్‌కీ అనుకున్నాను. 5 అడుగులకి 7 అడుగుల గది, నేలకీ, గోడలకి 7 అడుగుల ఎత్తు దాకా వేస్తే తలుపు పోను 185 చదరపు అడుగుల చిల్లర వస్తుంది. చిన్న పనే కదా అనిపిస్తుంది. కానీ అందులో పైపుల చుట్టూ రంధ్రాలు, మూలల్లో కోతలు, నీళ్లు జాలీ వైపు పోయేలా వాలు. పాత టైల్స్ కొట్టడం, ఆ శిథిలాలు కిందికి మోయడం, జాయింట్లు నింపడం నా కొటేషన్‌లో లేనే లేవు. చివరికి కట్టింది మొదటి అంకెకి ఒకటిన్నర రెట్లు. మేస్త్రీ మోసం చేశాడని అననుగానీ, అడగనిది చెప్పలేదు. ఇప్పుడు అందరినీ ఒకటే అడుగుతున్నాను: "ఈ రేటులో ఏమేం రావు?" వైరింగ్‌కీ ఇదే ప్రశ్న. ఒక్కో లైటుకి, ఫ్యానుకి, ప్లగ్‌కి ఇంత అని పాయింట్ లెక్కన చెప్పినప్పుడు గోడ కొట్టి పైపు వేయడం, మళ్లీ పూడ్చడం అందులో ఉన్నాయా లేదా అని.

ఈ పద్ధతి పూర్తిగా చేతులెత్తేసింది లీకేజీ దగ్గర. గోడ అడుగున చెమ్మ. ముగ్గురు ప్లంబర్లు, మూడు కారణాలు, మూడు ధరలు. ఒకాయన ఫ్లోరింగ్ అంతా కొట్టాలన్నాడు. ఇంకొకాయన పైన ఏదో కెమికల్ పూస్తే చాలన్నాడు. మూడో ఆయన కుళాయిలన్నీ కట్టేయించి, నీళ్ల మీటర్ దగ్గర అరగంట నిలబడ్డాడు. ముల్లు కదల్లేదు. అంటే నీళ్లొచ్చే పైపులో లీకు లేనట్టే, పోయే పైపు చూడాలన్నాడు. తర్వాత జాలీలో గుడ్డ కుక్కి, నేల మీద నీళ్లు నిలబెట్టి వెళ్లి, మర్నాడు వచ్చి చూశాడు. నీళ్లు దిగలేదు. గుడ్డ తీశాక గోడ మళ్లీ తడిసింది. లోపం జాలీ కింద జాయింట్‌లో ఉందని తేలింది, రెండే టైల్స్ పగిలాయి. కష్టపడిన గంటలతో పోలిస్తే ఆయన తీసుకున్నది ఎక్కువే. కానీ అక్కడ మూడు రేట్లు పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థమే లేదు. జబ్బేదో తేలకముందు మందు ధర పోల్చినట్టు ఉంటుంది. ఇప్పుడు ఇలాంటివాటికి ముందు చూసి కారణం చెప్పినందుకు విడిగా డబ్బిస్తాను, బాగుచేసే రేటు తర్వాత మాట్లాడతాను.

ఒక్కపూట పనికి ముగ్గురిని పిలవడం కూడా మానేశాను. వాళ్ల సగం రోజు పాడవుతుంది, చేతినిండా పనున్న మంచివాళ్లు అసలు రారు. అడ్వాన్స్ సంగతీ అంతే, సామానుకి అయ్యేంతే ఇస్తాను. చివర్లో పదోవంతు ఆపుతాను, కానీ ఆ మాట మొదటిరోజే చెప్తాను. చివరిరోజు చెప్తే అది గొడవే.

పోయిన నెల మెట్ల దగ్గర గోడకి రంగు వేయించాలని మళ్లీ కాగితం రాశాను. ఇద్దరు చూసి అంకె చెప్పారు. మూడో ఆయన కాగితం చదివి తలెత్తి పైకి చూశాడు. "పద్దెనిమిది అడుగులుంటుంది మేడమ్. నిచ్చెన అందదు, పరంజా కట్టాలి. అది ఎవరి ఖర్చో ఇందులో రాయలేదు." మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి అడిగాను. ఒకరు అది వేరే అవుతుందన్నారు, ఇంకొకరు చూద్దాంలెండి అన్నారు. పని మూడో ఆయనకే ఇచ్చాను. కాగితంలో పరంజాకి ఒక గడి కలిపాను.