పబ్లిక్ పాలసీ పీజీ: ఇల్లు తాకట్టు పెట్టి వెళ్ళాలా, స్కాలర్‌షిప్ కోసం ఆగాలా, ఇక్కడే చదవాలా?

మా పిన్ని కూతురు పోయిన నెల హన్మకొండ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అమెరికాలో పబ్లిక్ పాలసీ సీటు వచ్చింది. సగం ఫీజు మాఫీ చేస్తామన్నారు. మిగతాదానికి బ్యాంకువాళ్ళు ఇంటి మీద లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటావా?" అని అడిగింది. ప్రభుత్వ విధానాలు ఎలా తయారవుతాయో, ఎలా అమలవుతాయో చదివే పీజీ అది. నాలుగు రోజులు ఆగమన్నాను. ఆ నాలుగు రోజుల్లో వేసిన లెక్కలే ఇవి. ఇలాంటి సీటు చేతిలో పెట్టుకుని రోజూ ఇంట్లో ఇదే చర్చ నడుస్తున్నవాళ్ళకు పనికొస్తాయని రాస్తున్నాను.

తన ముందు మూడు దారులున్నాయి. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి ఈ ఆగస్టులోనే విమానం ఎక్కడం ఒకటి. రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి, అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్, బ్రిటన్‌లో చదువుకు ఇచ్చే చీవ్‌నింగ్ లాంటి పూర్తి స్కాలర్‌షిప్ కోసం ప్రయత్నించడం రెండోది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇదే పీజీ చదవడం మూడోది.

లోన్ లెక్క

మాఫీ పోను రెండేళ్ళకు అయ్యే ఖర్చు 65 లక్షలని తేలింది. ప్లాటు అమ్మితే 25 లక్షలు వస్తాయి. మిగతా 40 లక్షలు అప్పు. వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. 40 లక్షలకు పదేళ్ళ ఈఎంఐ చూసుకుంటే సుమారు 54 వేలు వస్తుంది. ఇంట్లో అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోయారు. కానీ కోర్సు రెండేళ్ళు, ఆ తర్వాత ఏడాది మారటోరియం. ఈ మూడేళ్ళూ కట్టనక్కర్లేదన్నారు కానీ వడ్డీ పడదని ఎవరూ అనలేదు. మొదటి ఏడాది 20 లక్షలు, రెండో ఏడాది ఇంకో 20 లక్షలు తీసుకుంటే, మామూలు వడ్డీ లెక్కనే మూడేళ్ళకు 10 లక్షల 50 వేలు అవుతుంది. అంటే ఈఎంఐ మొదలయ్యే రోజుకు బాకీ యాభైన్నర లక్షలు, ఈఎంఐ 68 వేలు. బాబాయికి ఆర్టీసీలో ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఈఎంఐ మొదలైన ఏడాదికే ఆయన రిటైరవుతారు.

అదే 68 వేలు కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేసినవాళ్ళకైతే నేను ఇంత భయపడను. మన ఊళ్ళల్లో అమెరికా లోన్ లెక్కంతా వాళ్ళను చూసి నేర్చుకున్నదే: వెళ్ళు, చదువు, డాలర్లలో సంపాదించు, మూడు నాలుగేళ్ళలో తీర్చెయ్. పబ్లిక్ పాలసీకి ఈ లెక్క రెండు చోట్ల తెగిపోతుంది. ఈ చదువు చదివిన అమెరికన్లలో చాలామంది వెళ్ళేది ప్రభుత్వ ఉద్యోగాల్లోకి. అక్కడి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగాలు దాదాపు అన్నీ ఆ దేశ పౌరులకే. మనవాళ్ళకు మిగిలేవి విధానాల మీద పరిశోధన చేసే థింక్ ట్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు, కన్సల్టింగ్ కంపెనీలు, యూనివర్సిటీల పరిశోధన కేంద్రాలు. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ ఉన్నాయి నిజమే కానీ, అక్కడ ప్రపంచమంతా వరసలో ఉంటుంది.

రెండోది వీసా. చదువయ్యాక ఓపీటీ కింద పనిచేయడానికి 12 నెలలు ఇస్తారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) గుర్తింపు ఉన్న కోర్సయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. కంప్యూటర్ సైన్స్‌కు అది ఎలాగూ ఉంటుంది. పబ్లిక్ పాలసీలో మాత్రం కోర్సును బట్టి మారుతుంది, ఒకే యూనివర్సిటీలో ఒక పాలసీ డిగ్రీకి ఉండి పక్కదానికి లేకపోవచ్చు. అందుకే మా చెల్లెలితో ముందు అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టించాను. లేదని జవాబొచ్చింది. అంటే మారటోరియం అయిపోయే వేళకే ఓపీటీ కూడా అయిపోతుంది. అప్పటికి హెచ్‌1బీ ఉద్యోగ వీసా రాకపోతే తిరిగొచ్చి, ఇక్కడి జీతంలోంచి 68 వేలు కట్టాలి. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో పాలసీ సంస్థలో కొత్తగా చేరినవాళ్ళ జీతం తెలిసినవాళ్ళకు, ఆ తర్వాత చేతిలో ఏం మిగులుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకుంటే ఎనిమిదేళ్ళ వరకు ఈ లోన్ వడ్డీ మొత్తానికి మినహాయింపు ఉంది. మంచిదే. కానీ దాంతో ఈఎంఐ తగ్గదు.

అక్కడే పుట్టి పెరిగిన మనవాళ్ళ పిల్లలకు ఈ లెక్క వేరు. వాళ్ళకు 2007 నుంచి ఒక గొప్ప వెసులుబాటు ఉంది: ప్రభుత్వంలోనో లాభాపేక్ష లేని సంస్థలోనో పూర్తికాలం పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు రద్దవుతుంది. పాలసీ చదివేవాళ్ళకు సరిగ్గా సరిపోయే పథకమిది. అయితే 2025లో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే పీజీ విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. లా, మెడిసిన్ లాంటి వృత్తి కోర్సులు కాని పీజీలకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లే పరిమితి. పెద్ద ప్రైవేటు స్కూళ్ళలో ఒక్క ఏడాది ట్యూషనే 60 వేల డాలర్లకు అటూ ఇటూ ఉంది. తక్కువపడినదాన్ని ప్రైవేటు లోన్‌తో పూడ్చుకుంటే, ఆ భాగానికి రద్దు వర్తించదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న తల్లిదండ్రులు పాత లెక్కతో పిల్లలకు ధైర్యం చెప్పకండి.

స్కాలర్‌షిప్ కోసం ఆగితే

మా చెల్లెలికి ఇది బొత్తిగా నచ్చలేదు. "మూడేళ్ళు వేస్టవుతాయి కదక్కా" అంది. కానీ ఈ మూడేళ్ళు ఎందుకు అడుగుతారో చూడాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు కనీసం మూడేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి. చీవ్‌నింగ్‌కు రెండేళ్ళు, అంటే 2,800 గంటలు. ఏదో ఒక ఊళ్ళో, ఒక శాఖలో, ఒక సమస్య మీద పనిచేసి దెబ్బలు తిన్న మనిషి కోసం వాళ్ళు వెతుకుతున్నారు. డిగ్రీ అయిన వెంటనే వెళ్ళినవాళ్ళు క్లాసులో రేషన్ షాపు గురించి విని నోట్సు రాసుకుంటారు. మూడేళ్ళు పనిచేసి వెళ్ళినవాళ్ళు చెయ్యెత్తి ప్రశ్న అడుగుతారు. పాలసీ చదువుకు ఆ తేడా చాలా పెద్దది.

ఇంకో రెండు నిబంధనలు చాలామంది చూసుకోరు. ఫుల్‌బ్రైట్‌కు మూడేళ్ళ డిగ్రీ ఒక్కటే సరిపోదు. నాలుగేళ్ళ డిగ్రీ అయినా ఉండాలి, లేదా దాని మీద ఒక పీజీ అయినా పూర్తయి ఉండాలి. మా చెల్లెలిది మూడేళ్ళ బీఏ ఎకనామిక్స్. రెండోది, అంతకుముందే అమెరికా యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవాళ్ళకు ఇవ్వరు. అంటే ఇప్పుడు అప్పు చేసి వెళ్తే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. అప్పు లెక్కలో ఈ నష్టాన్ని కూడా వేసుకోవాలి.

వీటికి తిరిగి రావాలన్న షరతు కూడా ఉంది. రెండింటికీ రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. అమెరికాలో స్థిరపడటమే ఉద్దేశమైతే ఈ దారి మీది కాదు. అసలు స్కాలర్‌షిప్ వస్తుందన్న హామీ కూడా లేదు. కొద్దిమందికే ఇస్తారు, రెండుసార్లు రాసినా రాకపోవచ్చు. దానిమీదే జీవితం పెట్టుకోమని నేనెవరికీ చెప్పను.

చేరినవాళ్ళందరికీ ట్యూషన్ మాఫీ చేసే స్కూళ్ళు అమెరికాలో చాలా తక్కువ. ప్రిన్స్‌టన్ తన రెండేళ్ళ ఎంపీఏ (పబ్లిక్ అఫైర్స్ పీజీ) విద్యార్థులందరికీ ట్యూషన్ మొత్తం భరిస్తుంది. ఇంకెక్కడ అప్లై చేసినా చేయకపోయినా అక్కడ చేయాలి.

ప్రభుత్వ సాయం గురించి విడిగా చెప్పాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట ఉన్న విద్యానిధి 20 లక్షల వరకు ఇస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. బాబాయి జీతం ఆ గీత దాటింది కాబట్టి మా చెల్లెలికి రాదు. వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: మొదటి 10 లక్షలు అక్కడ దిగినట్టు కాగితం చూపించాక, రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. అంటే మొదటి ఫీజుకు, వీసా కోసం చూపించే డబ్బుకు వేరే ఏర్పాటు ఉండాల్సిందే.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దీనికంటే చాలా పెద్దది. ట్యూషన్ మొత్తంతోపాటు ఏటా జీవనభృతి కూడా ఇస్తారు. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్ళ పిల్లలకు, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే. అయితే 2022 నుంచి భారతదేశ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చేసే అధ్యయనాలకు ఇవ్వమని నిబంధన పెట్టారు. మన పల్లెల గురించి చదవాలనుకునే పిల్లలకే ఇది అడ్డమవుతోంది. నాకు చాలా బాధ కలిగించే నిబంధన ఇది. పాలసీకి అప్లై చేసేవాళ్ళు తమ అంశాన్ని ఎలా రాస్తున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

ఇక్కడే చదివితే

హైదరాబాద్ టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో పబ్లిక్ పాలసీ, గవర్నెన్స్ ఎంఏ ఉంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో 2014 నుంచి ఎంపీపీ (పబ్లిక్ పాలసీ పీజీ) నడుస్తోంది. గీతం వాళ్ళ కౌటిల్య స్కూల్ హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజుల్లో వీటి మధ్య చాలా తేడా ఉంది కాబట్టి ఒకే గాటన కట్టకండి. అన్నీ కలిపి 8 లక్షలు అప్పు చేశారనుకుందాం. అదే వడ్డీ, అదే మారటోరియం. ఈఎంఐ 13,600 దగ్గర వస్తుంది. 68 వేల పక్కన పెట్టి చూడండి. పైగా 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన చదువు లోన్ల పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో మీ సంస్థ ఉంటే తాకట్టు, హామీదారు లేకుండానే లోన్ ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు 10 లక్షల వరకు లోన్ మీద మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది.

లోటు లేదని కాదు. మంచి అమెరికా కోర్సుల్లో స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ మీద వచ్చే పట్టు ఇక్కడ అన్నిచోట్లా రాదు. అంతర్జాతీయ సంస్థల్లో పరిచయాలూ అంతే. కానీ మా చెల్లెలు చేయాలనుకునేది గ్రామ పంచాయతీల నిధుల మీద పని. 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలు పంచాయతీలకు ఇవ్వొచ్చంది. వాటిలో మండలంలో ఎన్ని దిగాయో తెలుసుకోవడానికి ఎంపీడీవో ఆఫీసుకే వెళ్ళాలి.

మొన్న తనకు అంబేడ్కర్ చదువు గురించి చెప్పాను. 1913లో కొలంబియాకు వెళ్ళింది బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో, అదీ పదేళ్ళు సంస్థానంలో పనిచేస్తానన్న ఒప్పందం మీద. గడువు అయిపోవడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు దాచుకుని, మిత్రుడు నావల్ భథేనా దగ్గర అప్పు తీసుకుని, 1920లో మళ్ళీ వెళ్ళి పూర్తిచేశారు. చెల్లెలు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నా సలహా ఇది. ముందు ఇక్కడ పీజీ, తర్వాత ఉద్యోగం. పాతికేళ్ళు నిండకముందే ఎంపీ దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌కు కూడా రాయొచ్చు. ఆ తర్వాత ఫుల్‌బ్రైట్‌కు కావలసిన పీజీ, మూడేళ్ళ అనుభవం రెండూ తన దగ్గర ఉంటాయి. స్కాలర్‌షిప్ రాకపోయినా చేతిలో పీజీ, ఉద్యోగం ఉంటాయి, ఇల్లు ఇంట్లోవాళ్ళదే. కోర్సుకు స్టెమ్ గుర్తింపు ఉండి, తాకట్టు లేకుండా 15 లక్షల లోపు అప్పుతో పనైపోయేదుంటే మాత్రం వెళ్ళిపొమ్మనేదాన్ని.

నిన్న రాత్రి తను యూనివర్సిటీకి సీటు ఏడాది వాయిదా వేయమని మెయిల్ పెట్టింది. వాళ్ళు ఒప్పుకోకపోతే ఏం చేస్తావని అడిగాను. "సీయూఈటీ పీజీ ఎంట్రెన్స్ ఫారం ఎప్పుడొస్తుందో చూసిపెట్టక్కా" అంది.