సర్వర్ మానిటరింగ్ సెటప్ చేయించుకునేవాళ్లు జాగ్రత్త, స్క్రీన్ పచ్చగా ఉందని డబ్బులు ఇచ్చేయకండి

తిరుపతి, చిత్తూరు వైపు లాడ్జీలకీ ల్యాబులకీ జాబిక్స్ (సర్వర్లని కనిపెట్టుకుని ఉండి, తేడా వస్తే అలర్ట్ పంపే సాఫ్ట్‌వేర్) పెట్టిస్తామని వచ్చేవాళ్లతో బేరం మాట్లాడుతుంటే ముందు ఇది చదవండి. జాబిక్స్ ఓపెన్ సోర్స్, లైసెన్స్‌కి పైసా కట్టక్కర్లేదు, అంటే మనం ఇచ్చేదంతా సెటప్ పనికీ సపోర్టుకే. సాఫ్ట్‌వేర్ మీద నాకే ఫిర్యాదూ లేదు, పెట్టినవాళ్ల మీదే.

మాది రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి. బ్రహ్మోత్సవాల్లో, సరిగ్గా గరుడ సేవ ముందు రోజు రాత్రి, బిల్లింగ్ సర్వర్లో డిస్క్ నిండిపోయి చెక్-ఇన్ ఆగిపోయింది. కౌంటర్ ముందు సంచులతో, పిల్లలతో జనం, మావాళ్లు తెల్లారేదాకా చేత్తో రసీదులు రాస్తూనే ఉన్నారు. మానిటరింగ్ స్క్రీన్ మీద మాత్రం ఒక్క ఎర్ర గీత లేదు. సెటప్ చేసినవాళ్లకి ఫోన్ చేస్తే "డిస్క్ సడన్‌గా నిండింది సార్" అన్నారు. సడన్‌గా ఏంది, రోజూ రాత్రి పడే బ్యాకప్ ఫైళ్లతో వారాల తరబడి మెల్లగా పైకెక్కిన గీత వాళ్ల గ్రాఫులోనే కనపడుతుంటే!

మా అక్క కొడుకు బెంగళూరులో ఇదే పని చేస్తాడు, వాడు కూర్చుని చూశాడు. జాబిక్స్ లినక్స్ టెంప్లేట్‌లో, అంటే లినక్స్ సర్వర్లకి వాడే రెడీమేడ్ సెట్టింగుల్లో, డిస్క్ 80 శాతం దాటితే వార్నింగ్, 90 దాటితే క్రిటికల్ అని మాక్రోలు (పేరు పెట్టి రాసుకునే విలువలు) ఉంటాయి. అదే పేరుతో హోస్ట్ (మానిటర్ చేసే ఒక్కో సర్వర్) మీద ఇంకో విలువ రాస్తే టెంప్లేట్‌ది పక్కకుపోయి హోస్ట్‌దే చెల్లుతుంది. మా సర్వర్‌కి రెండింటిలోనూ 101 అని రాసి ఉంది. నూటికి నూటొక్క శాతం నిండే డిస్క్ ఎక్కడన్నా ఉంటుందా? అర్ధరాత్రి వాళ్లకి ఫోన్లు రాకుండా ఉండేందుకు తప్ప ఇంకెందుకు పెడతారో మీరే చెప్పండి.

కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. హోస్ట్ తెరిచి మాక్రోస్ ట్యాబులో 'ఇన్‌హెరిటెడ్ అండ్ హోస్ట్ మాక్రోస్' నొక్కితే ఇప్పుడు నడుస్తున్న విలువ, టెంప్లేట్ విలువ, గ్లోబల్ విలువ పక్కపక్కనే కనపడతాయి, తేడా ఉన్నచోట రిమూవ్ కొడితే టెంప్లేట్‌దే మళ్లీ పనిచేస్తుంది. అక్కడితో ఆగకండి. ఆ హోస్ట్ ట్రిగర్లలో (ఎప్పుడు ప్రాబ్లమ్ అని చూపాలో చెప్పే షరతుల్లో) డిజేబుల్ చేసినవి మాత్రమే ఫిల్టర్ పెట్టి చూడండి. మెయింటెనెన్స్ పీరియడ్లలో (రిపేరు పని జరిగేప్పుడు అలర్టులు ఆపడానికి పెట్టే గడువుల్లో) ఎప్పటికో ముగిసేట్టు తారీఖు పెట్టింది ఉందేమో చూడండి, ఎందుకంటే మెయింటెనెన్స్‌లో ఉన్న హోస్ట్ ప్రాబ్లమ్స్ మామూలుగా లిస్టులోకే రావు, 'షో సప్రెస్డ్ ప్రాబ్లమ్స్' టిక్ పెడితేనే వస్తాయి.

అసలు మార్పులే వద్దని కాదు. డేటాబేస్ సర్వర్‌కి మెమరీ ఎప్పుడూ ఎక్కువే వాడకం, దానికి వేరే లిమిట్ పెట్టడం న్యాయమే. కానీ ప్రతి మాక్రో పక్కన డిస్క్రిప్షన్ గడి ఒకటి ఉంటుంది, ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అని అందులో రాయమనండి. మా దాంట్లో అన్నీ ఖాళీ. సూపర్ అడ్మిన్ లాగిన్ మన చేతిలో లేకుండా సెటప్ ఒప్పుకోవద్దు, ఆడిట్ లాగ్‌లో ఎవరు ఏం మార్చారో దాంతోనే చూడొచ్చు. బ్యాలెన్స్ ఇచ్చేముందు టెస్ట్ సర్వర్లో ఒక పెద్ద డమ్మీ ఫైలు పెట్టి డిస్క్ నింపించండి, మీ ఫోన్‌కి అలర్ట్ మోగాకే చెక్కు రాయండి.

మాకు సెటప్ చేసినవాళ్లు ఇప్పుడు దాన్ని సరిచేయడానికి వేరే చార్జీ అడుగుతున్నారు. ఇవ్వలేదు.