పిల్లల పేరిట వచ్చిన కార్డులు: హనుమకొండలోని ఒక పాత కాగితాల దుకాణం

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో, ఒక సందులో పాత నాణేలు, స్టాంపులు అమ్మే చిన్న దుకాణం ఉంది. పిల్లల పేరిట వచ్చిన పాత పోస్టుకార్డులను అక్కడ విడిగా ఒక పెట్టెలో ఉంచి, ఒక్కొక్క దానికి దాని కథ రాసిన చీటీని జతచేసి అమ్ముతున్నారని విని పోయిన వారం వెళ్లాను. ధర 60 నుంచి 150 రూపాయల వరకు ఉంది. రెండు గంటలు కూర్చుని మూడు కొన్నాను.

వాటిలో నా మనసుకు బాగా పట్టింది మహారాష్ట్రలోని భివండి నుంచి వచ్చిన కార్డు. సాంచాల (మరమగ్గాల) పని కోసం మన వరంగల్, కరీంనగర్ పల్లెల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు అక్కడికి వలసపోయాయి. అలా పోయిన ఒక తండ్రి, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న బిడ్డ పేరునే చిరునామాలో రాశాడు. పెద్దలకు వేసే కార్డులో అంచుల దాకా, చిరునామా పక్కనున్న జాగాలో కూడా చీమల బారులా రాత ఇరికించడం ఆనాటి అలవాటు కాగా, ఇందులో మాత్రం ఆరే వరుసలు, ఒత్తులు కూడా విడిగా కనిపించేంత పెద్ద అక్షరాలతో ఉన్నాయి. ఆ పిల్ల ఎవరితోనూ చదివించుకోకుండా తానే చదువుకోవాలన్నది ఆయన కోరిక అయి ఉండాలి. చీటీలో వలస సంగతే ఉంది కానీ ఈ రాత తీరు గురించి ఒక్క మాట లేదు.

చీటీలను పూర్తిగా నమ్మడానికి కూడా లేదు. బొగ్గు గనుల నుంచి హాస్టల్లో ఉన్న కొడుక్కి వచ్చిన కార్డును 1965 నాటిదని రాశారు. తేదీ ముద్ర అలుక్కుపోయింది కానీ, చిరునామా కింద పిన్‌కోడుకు ఆరు గడులు అచ్చయి ఉన్నాయి. పిన్‌కోడు మొదలైందే 1972 ఆగస్టు 15న. చూపించగానే దుకాణదారు ఆ చీటీని దిద్దారు, ఆ సంస్కారం నాకు నచ్చింది. కొనేవారు స్టాంపు విలువనూ చూసుకోవాలి. ‘నయా పైసలు’ (రూపాయికి వందగా వచ్చిన కొత్త పైసలు) అని ఉంటే ఆ కార్డు 1957 ఏప్రిల్‌కు ముందుది కాజాలదు.

ధరను కార్డు మీదనే బాల్‌పెన్నుతో రాయడం మానుకోవాలి. అంతకంటే బాధ కలిగించింది వేరొకటి. భివండి కార్డు చివరి వరుసలో, తమ్ముడికి వేరే కార్డు వేశానని, దీని కోసం కొట్లాడవద్దని ఆ తండ్రి రాశాడు. అడిగితే, తమ్ముడి కార్డు పోయిన నెలలోనే ఎవరో కొనుక్కుపోయారని చెప్పారు. ఇకనైనా ఒక ఇంటి కార్డులను విడదీసి అమ్మవద్దని కోరి వచ్చాను.