ఆవిరి యంత్రం పని చేస్తుండగా చూడాలంటే క్రాఫ్టన్

ఇంగ్లండులో పాత ఆవిరి పంపులు చూడాలనుకునేవారు చాలామంది లండన్‌లోని క్యూ బ్రిడ్జ్ మ్యూజియానికి వెళతారు. రైలు దిగితే పక్కనే. వంద అంగుళాల సిలిండరున్న 1869 నాటి హార్వే ఇంజిను ముందు నిలబడితే మాట రాదు. అయినా ఒక్కదానికే సమయం ఉంటే విల్ట్‌షైర్‌లోని క్రాఫ్టన్ పంపింగ్ స్టేషన్‌కు వెళ్లమంటాను. ఇక్కడి బౌల్టన్ అండ్ వాట్ కంపెనీ ఇంజిను 1812లో ఎక్కడ నిలబెట్టారో ఇప్పటికీ అక్కడే ఉంది, అప్పటి పనే చేయగలదు.

గోదావరి కాలువల లాకులు చూసినవారికి ఆ పనేమిటో వెంటనే తెలుస్తుంది. కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ ఇక్కడ మిట్ట ఎక్కి దిగుతుంది. లాకుల గుండా పడవ దాటిన ప్రతిసారీ మిట్ట మీది నీరు కిందికి పోతుంది. దాన్ని భర్తీ చేయడానికి కింది చెరువు నుంచి సుమారు నలభై అడుగుల ఎత్తుకు నీరు తోడాలి. 1958లో పొగగొట్టం పైభాగం శిథిలమైందని కూల్చేశారు. దాంతో బాయిలరుకు గాలి లాగుడు తగ్గిపోయి, ఆవిరి ఆగి, కరెంటు పంపులు వచ్చాయి. తరువాత కాలువ ట్రస్టు ఈ స్టేషన్‌ను తీసుకుంది, స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేశారు, 1970లో కవి జాన్ బెట్జమన్ దీన్ని మళ్లీ ప్రారంభించారు.

ఇప్పుడూ నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలే. బాయిలరు గదిలో ఒక పెద్దాయన పొయ్యి తలుపు తీసి, బొగ్గును కుప్పగా కాకుండా పలుచగా, మూలమూలకూ పడేలా విసురుతున్నారు. ఏది అడిగినా పార కింద పెట్టి మరీ వివరించారు. ఇంజిను దగ్గర మరొకరు మొదటి కొన్ని ఊపులకు కవాటాలను చేత్తో తెరిచి మూశారు. ఊపు కుదిరాక మీటలు వాటంతట అవే పడుతూ లేస్తూ ఉంటే పక్కకు తప్పుకుని, గుడ్డతో ఇత్తడి తుడవసాగారు. పై అంతస్తులో ఇంజిను ఇనుప దూలం మీకు చేతికందేంత దూరంలో ఊగుతుంది. ఒక్కో ఊపుకు దాదాపు టన్ను నీరు పైకి వస్తుంది. నేను అక్కడి నుంచి కదలలేకపోయాను. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కిందే ఉండడం మేలు.

గ్రేట్ బెడ్విన్ స్టేషన్ నుంచి కాలువ గట్టు వెంట రెండున్నర కిలోమీటర్ల నడక. వాన పడితే బురద. నేను హంగర్‌ఫర్డ్‌లో ఒక సత్రంలాంటి చోట దిగాను. గది చల్లగా ఉంది, అడిగినా వేడి పెంచలేదు. అద్దె మాత్రం తక్కువ కాదు. రెడింగ్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవడమే నయం. క్రాఫ్టన్ క్యాంటీన్‌లో టీ, కేకులు బాగున్నాయి. శాకాహారులు పులిహోర కట్టుకెళితే నిశ్చింత.

ఆవిరితో నడిపేది ఏడాదిలో కొన్ని వారాంతాల్లోనే. తేదీలు చూసుకున్నాకే టికెట్లు కొనండి. చేరగానే ముందు బాయిలరు గదికి వెళ్లండి, మధ్యాహ్నానికి అక్కడ జనం పెరుగుతారు.