ఎడిన్‌బరా నేషనల్ గ్యాలరీ: ఈ ఒక్క బొమ్మ కోసమైనా వెళ్లండి

వేవర్లీ స్టేషన్ నుంచి నడిచే దూరం, ప్రవేశం ఉచితం. మా ఆవిడ ఫ్రెంచి చిత్రకారుడు మోనే బొమ్మల దగ్గర ఆగిపోతే, నేను 18వ శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారుడు గెయిన్స్‌బరో గీసిన మిసెస్ గ్రాహం ముందు నిలబడిపోయాను. నిలువెత్తు బొమ్మ. టోపీకి ఈకలు, చేతిలో ఇంకో ఈక. గులాబీరంగు పట్టు పావడా మెరుపు చూస్తే తాకబుద్ధేస్తుంది (తాకకండి!). 1792లో ఆమె పోయాక భర్త థామస్ గ్రాహం ఈ బొమ్మను కళ్లెదుట ఉంచుకోలేకపోయాడట. నలభై దాటాక కత్తి పట్టాడు మహానుభావుడు! 1794లో సొంతంగా బ్రిటిష్ సైన్యంలో 90వ రెజిమెంట్ అనే దళాన్ని నిలబెట్టాడు, 1811లో స్పెయిన్‌లోని బరోసా దగ్గర ఫ్రెంచి సేనను ఓడించాడు, 1814లో లార్డ్ లినెడోక్ అనే బిరుదు పొందాడు. 95 ఏళ్లు బతికినా మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు. స్కాట్లండ్ దాటించకూడదన్న షరతుతో గ్యాలరీకి ఇచ్చిన బొమ్మ కాబట్టి చూడాలంటే మనమే వెళ్లాలి. వారాంతం కాకుండా వెళ్తే తీరిగ్గా చూడొచ్చు.