వంటింటి చిమ్నీ: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఎండుమిర్చి తాలింపు పెట్టినా పక్క గదిలో అమ్మ దగ్గకూడదు. చిమ్నీతో నాకున్న పని అంతే. సక్షన్ ఎంత, చెయ్యి ఊపితే ఆన్ అవుతుందా లాంటివి షాపువాళ్లే చెప్తారు. మాది గుంటూరులో ఫ్లాట్. వంటింటికి బయటి గోడ ఉంది కాబట్టి కన్నం వేయించి పైపు బయటికి తీశాం.

అమ్మకు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. బీడీ, చుట్ట ఏనాడూ ముట్టిన మనిషి కాదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ కందికంప, పత్తికంప, పిడకలతోనే వంట. 1999లో దీపం పథకం మొదలయ్యాకే మా ఇంటికి గ్యాస్ వచ్చింది. పాడైన ఊపిరితిత్తులు మళ్లీ మామూలు కావని, ఇకనైనా పొగ తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. గ్యాస్ పొయ్యికి మసి ఉండదు గానీ ఆ నీలి మంట నుంచీ నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. కాగిన నూనె నుంచి లేచే సన్నటి కణాలు దానికి తోడు.

చిమ్నీ పెట్టిన మొదటి రోజు నుంచే తేడా తెలిసింది. గోంగూర పచ్చడికి మిరపకాయలు వేయిస్తున్నా అమ్మ హాల్లోంచి లేచి బాల్కనీలోకి వెళ్లాల్సిన పని లేకపోయింది. ఆ సంతోషం ఇప్పటికీ ఉంది.

మూడో ఏడు వానాకాలంలో అమ్మ ఊపిరిలో పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి. డాక్టరు ఇన్‌హేలర్ మోతాదు పెంచారు. చిమ్నీ మోత మాత్రం ఎప్పటిలాగే ఉంది. గాల్లోని సన్నటి కణాలను (పీఎం 2.5) కొలవడానికి తమ్ముడు తెచ్చిన చిన్న మీటరు తాలింపు టైంలో 300 దాటేది. చౌక మీటరు కాబట్టి ఆ అంకెను అక్షరాలా నమ్మను. కానీ స్టవ్ ఆపాక కూడా చాలాసేపు అది దిగకపోవడమే భయపెట్టింది. సర్వీసు మనిషి వచ్చి ఆటో క్లీన్ నొక్కాడు, కింది గిన్నెలో నూనె పడటం చూపించాడు, మోటారు మార్చాలన్నాడు.

మోటారు బాగానే ఉంది. మా వీధి ఎలక్ట్రీషియన్ పైపు ఊడదీస్తే అసలు సంగతి బయటపడింది. బయటి గాలి వెనక్కి రాకుండా చిమ్నీ నెత్తిన ఉండే ప్లాస్టిక్ రెక్కలు జిడ్డుకి అతుక్కుపోయి సగమే తెరుచుకుంటున్నాయి. అల్యూమినియం పైపు ముడతల నిండా గోధుమరంగు జిడ్డు, చాకుతో గీస్తే మైనంలా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఆటో క్లీన్ వేడి మోటారు చుట్టూ ఉన్న నూనెనే కరిగిస్తుంది. రెక్కల దాకా, పైపు దాకా చేరదు. ఆ ముక్క అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో ఉందని తెలిసి కూడా చెప్పలేదు, నా కోపం అందుకే.

రెక్కలు కడిగించి, ఒకే వంపుతో నున్నటి గట్టి పైపు వేయించాం. ఇప్పుడు అప్పుడప్పుడు టిష్యూ కాగితం ఫిల్టరుకి ఆనిస్తాను. కరుచుకుని ఉంటే సరే, జారితే పైపు విప్పించాల్సిందే. కిటికీ కూడా కాస్త తీసి ఉంచుతాం. లోపలికి గాలి రాకపోతే బయటికి లాగడానికి చిమ్నీకి ఏముంటుంది?

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ అమ్మ ఆయాసం తగ్గిందనే చెప్పాను. నిజానికి తగ్గింది తాలింపు వేళ వచ్చే దగ్గు. ఇన్‌హేలర్ రోజూ ఉంది, ఉంటుంది. పైగా అదే ఏడాది దోమల కాయిల్స్ మానేసి కిటికీలకు మెష్ కొట్టించాం, కాబట్టి పుణ్యమంతా చిమ్నీదే అనలేను.

మాలాగా బయటి గోడ, ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకైతే కొనమనే అంటాను. పైపు బయటికి వెళ్లని రకం మాత్రం వద్దు. అందులోని కార్బన్ ఫిల్టరు వాసన తగ్గిస్తుంది గానీ కార్బన్ మోనాక్సైడ్, తేమ, వేడి గదిలోనే తిరుగుతాయి. తెనాలిలో మా పిన్ని వంటింటికి పెరట్లోకి పెద్ద కిటికీ ఉంది. ఆమెకు మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను చాలన్నాను.